దిగేవాడి సంతకం

ఫిబ్రవరి 6

నా పెద్ద తల్లికి,

ముందు కూర్చో. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు. నిన్న సాయంత్రం నుంచి నా కాలు నేల మీద ఆనడం లేదు. పంపుహౌసులో రేడియో చుట్టూ చేరి ఆరుగురం విన్నాం. నిరుద్యోగం తగ్గించడానికి మంత్రిగారు సభలో కొత్త పథకం చెప్పారు. అరవై దాటిన పనివాడు తన ఇష్టంతో ముందే దిగిపోతే, అరవై ఐదు నిండేదాకా అతనికి సగం జీతం ఇస్తారట. అతని పోస్టులో పనిలేక తిరుగుతున్న పడుచువాళ్ళలో ఒకరిని వేస్తారట. దిగేవాడి ఇంట్లోనే పని నేర్చిన బిడ్డ ఉంటే మొదటి పిలుపు ఆ బిడ్డకేనట. ఎవరో చెప్పగా విన్నది కాదు తల్లీ, నా చెవులతో నేనే విన్నాను.

నాకు అరవై రెండు. మీ చెల్లెలికి ముప్ఫై ఒకటి. అది ఫిట్టరు పరీక్ష పాసై ఏడేళ్ళు. ఈ వీధిలో కారే కుళాయిలన్నీ బాగుచేసేది అదే, జీతమిచ్చేవాడే లేడు. ఇంటికెళ్ళి చెబితే కాసేపు నన్ను నమ్మనే లేదు. తర్వాత మేకుకున్న నా డ్యూటీ చొక్కా తీసి వేసుకుంది. చేతులు వేళ్ళ కిందికి వేలాడాయి. "మడిస్తే సరిపోతుంది నాన్నా" అంది. మీ అమ్మ పోయాక ఆ పిల్ల ముఖంలో అంత వెలుగు చూడటం ఇదే మొదలు.

మూడో పంపు దగ్గర పనిచేసే ఎక్స్‌ప్రెస్ నీకు గుర్తే కదా, గేటు నుంచి పంపు దాకా నడవడానికి పావుగంట తీసుకునే మనిషి. వాడొక్కడే పుల్లవిరుపుగా మాట్లాడాడు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనే రకం నువ్వు అని నన్ను ఎగతాళి చేశాడు. వాడి కొడుకూ నాలుగేళ్ళుగా ఖాళీయే. రెండు రోజులు ఆగు, వాడే నా వెనక పడతాడు.

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ మా ఫోను సూపర్‌వైజరు బల్ల మీద ఉంటుంది, ఆయన చెవులు దాని తీగ కంటే పొడుగు. ఒక్క మాట అడుగుతాను చెప్పు. సభ మధ్యలో బల్ల దగ్గర కూర్చుని అందరి మాటలూ షార్ట్‌హ్యాండులో రాసేది మీరే కదా. మంత్రిగారి ఆ మాట రాసింది నువ్వేనా? నువ్వే అని పంపుహౌసులో చెప్పేశాను. కాకపోతే క్షమించు.

సంతోషం పట్టలేక అక్షరాలు వంకర్లు పోతున్న
మీ నాన్న

ఫిబ్రవరి 10

నాన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చొక్కా సంగతి దగ్గర మాత్రం మూడుసార్లు.

ఆ మాట రాసింది నేను కాదు. పది నిమిషాలకోసారి మా వంతు మారుతుంది. మంత్రిగారు అక్కడికి వచ్చేసరికి నేను లోపలి గదిలో అంతకు ముందు పది నిమిషాల్లో రాసుకున్నది టైపు కొడుతున్నాను. కానీ ఆ తర్వాతి చర్చ నా వంతులోనే జరిగింది. పేపర్లో వచ్చిందే కాబట్టి రాస్తున్నాను. ప్రతిపక్షంలో ఒక సభ్యురాలు ఉన్నారు, ఇదివరకు బడిలో లెక్కలు చెప్పేవారు. ఆవిడ లేచి, "ఒకరిని లేపి ఒకరిని కూర్చోబెడితే కుర్చీ ఒకటే కదా, నిరుద్యోగం తగ్గిందెక్కడ? పోనీ, లేచినవాడి కుర్చీ అక్కడే ఉంటుందని హామీ ఏది?" అని అడిగారు. ఖాళీ అయిన ప్రతి పోస్టూ ముప్ఫై రోజుల్లో నింపుతామని మంత్రిగారు అన్నారు. అటువైపు బల్లలు చరిచారు, ఇటువైపు నవ్వారు. అరగంట గోల.

నాన్నా, అది ఇంకా ముసాయిదా. దాన్ని ఇప్పుడు పదిహేనుమంది సభ్యుల కమిటీకి పంపారు. తలుపులు మూసుకుని చర్చిస్తారు. అక్కడ రాయడానికి నన్ను వేశారు. ఆ గదిలో విన్నది బయట చెప్పనని ప్రమాణపత్రం మీద సంతకం చేశాను. చెబితే ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెడతారు. అందుకని నీకు చెప్పగలిగింది ఒక్కటే. సభలో ఓటు మార్చి 18న. అప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టకు. చెల్లికి కూడా నచ్చజెప్పు. తొందర వద్దు.

నీ
పెద్దమ్మాయి

ఫిబ్రవరి 14

తల్లీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది, ఫారాలు మొన్ననే వచ్చాయి. ఏం చెయ్యను చెప్పు. ముందు పెట్టినవాళ్ళకు ముందు అని ఫారం నెత్తినే అచ్చువేశారు. ఓటు దాకా ఆగితే మన ముందు వెయ్యిమంది నిలబడరూ.

ఆరు ఫారాలూ నేనే నింపాను. రోజూ భోజనాల వేళ పేపరు పైకి చదివేది నేనే కాబట్టి నా చదువు మీద వీళ్ళకు అంత గురి. ఎక్స్‌ప్రెస్ ఆఖరిదాకా గొణిగాడు. "నువ్వు చదివావు గనక పెడుతున్నాను, మంత్రి చెప్పాడని కాదు" అన్నాడు. ఆ మాటకు నా ఛాతీ ఎంత పొంగిందో నీకెలా చెప్పేది. మంత్రి కంటే నా మాటకు విలువ ఇచ్చాడు కదా.

ఇక నీ భయం సంగతి. నువ్వు బెంగపడతావని తెలిసే ఫారం రెండువైపులా తిప్పి చూశాను. కింద రెండు గడులున్నాయి. ఎడమ గడి మీద "పదవి విడుచు ఉద్యోగి" అని ఉంది, అక్కడ సంతకం పెట్టాం. కుడి గడి మీద ఏమీ రాయలేదు, ఉత్త ఖాళీ. చూడగానే నాకు నవ్వొచ్చింది. అచ్చం మా షిఫ్టు పుస్తకమే.

నీకు ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను. మా పుస్తకంలో ఎడమవైపు దిగేవాడు, కుడివైపు ఎక్కేవాడు. డ్యూటీ అయ్యేసరికి చేతులనిండా గ్రీజు ఉంటుంది, పుస్తకం పాడవుతుంది. అందుకని డ్యూటీ ఎక్కగానే, చేతులు శుభ్రంగా ఉన్నప్పుడే దిగేవాడి గడిలో సంతకం పడేస్తాం. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇదే పద్ధతి. ఎక్కేవాడు వచ్చి పక్క గడిలో సంతకం పెట్టేదాకా మన సంతకం ఉత్త సిరా. వాడు రాకపోతే మనం వాల్వు వదలం, వదలమని ఎవరూ అడగరు కూడా. ఒకసారి వానల్లో పదహారు గంటలు అలాగే నిలబడ్డాను.

కాబట్టి ఆ ఖాళీ గడి మన చిన్నదాని కోసం. అది వచ్చి సంతకం పెట్టేదాకా నేను దిగినట్టు కాదు. ఇంత ముందుచూపుతో ఫారం వేసినవాడెవడో వాడి కడుపు చల్లగా ఉండాలి. నువ్వు నిశ్చింతగా ఉండు.

మీ చెల్లెలు పాత స్పానర్లన్నీ బయటకు తీసి నూనె రాస్తోంది. ఇల్లంతా ఒకటే వాసన. నాకు అత్తరు పూసినట్టుంది.

ఆనందంలో ఉన్న
మీ నాన్న

ఫిబ్రవరి 18

నాన్నా,

వెంటనే వెళ్ళి చూడు. ఆ కుడి గడి చెల్లి కోసం కాదు. అది ఆఫీసు ముద్ర కోసం. ముద్ర పడితే ఫారం చెల్లినట్టే. నువ్వు దిగిపోవడానికి ఎక్కేవాడు రానక్కర్లేదు. మీ షిఫ్టు పుస్తకం మీ పంపుహౌసులోనే నాన్నా, ఇంకెక్కడా లేదు.

మొన్న సోమవారం సభలో ఒకరు అడిగితే మంత్రిగారు అందరి ముందూ జవాబిచ్చారు. పెట్టిన ఫారాన్ని మార్చి 3 సాయంత్రంలోగా ఎవరైనా కారణం చెప్పకుండా వెనక్కి తీసుకోవచ్చు. ఇది పేపర్లో వచ్చింది, వెతికి చదువు.

నీది తీసుకో. మిగతా ఐదుగురి చేతా తీయించు. ఎందుకని నన్ను అడగకు. ఇంతకంటే ఒక్క అక్షరం కూడా రాయలేను.

పెద్దమ్మాయి

ఫిబ్రవరి 21

పెద్దమ్మాయికి,

వెళ్ళి చూశాను. నువ్వు చెప్పిందే నిజం. మేమిచ్చిన రోజునే ఆరింటి మీదా గుండ్రటి ముద్ర పడింది. ఆ సంగతి విని ఎక్స్‌ప్రెస్ నన్ను ఒక చూపు చూశాడు. ఏప్రిల్ ఒకటిన దిగాలి. నా తెలివితక్కువతనం నేను ఒప్పుకుంటాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒకే పుస్తకంలో సంతకం పెట్టినవాడికి లోకంలో పుస్తకాలన్నీ అలాగే కనిపిస్తాయి.

కానీ తల్లీ, ముద్ర పడితే మాత్రం మునిగిపోయిందేముంది? ముప్ఫై రోజుల్లో పోస్టు నింపుతామని మంత్రిగారు అన్నారని నువ్వే రాశావు. నువ్వే రాసి, నువ్వే వెనక్కి తీసుకోమంటావు, ఎందుకని అడగొద్దంటావు. పంపు కూడా ఆగిపోయే ముందు కాస్త దగ్గి చెబుతుంది. నువ్వు అదీ చెయ్యవు.

నీ ఉత్తరం మీ చెల్లెలు కూడా చదివింది. అది అన్న మాట నేను దాచను. "అక్క ఎప్పుడూ కాగితం వైపే మాట్లాడుతుంది, మనిషి వైపు కాదు. ఒక్కతే ఉద్యోగస్తురాలిగా ఉండటం అలవాటైపోయింది" అంది. నోర్ముయ్యమన్నాను. అన్నానే గానీ, ఆ పూటంతా ఆ మాట నా లోపల తిరుగుతూనే ఉంది. నీకు టైపు నేర్పించడానికి దాని చదువు ఒక ఏడాది ఆపించినవాణ్ణి నేను. అప్పుడు అది ఏమీ అనలేదు. ఇప్పుడు దాని వంతు వచ్చింది. అడ్డం పడకు తల్లీ. మంత్రులనూ పార్టీలనూ రోజూ దగ్గర్నుంచి చూసి నీకు ఎవరి మీదా నమ్మకం లేకుండా పోయిందేమో. నాకు ఇంకా ఉంది.

చేతిలో ఉన్న సంతోషాన్ని ఎవరో లాక్కుంటున్నట్టుంది. రాసిన మాటలు గట్టిగా ఉంటే అది కోపం కాదు, భయం.

నాన్న

ఫిబ్రవరి 24

నాన్నా,

ఇది చదివాక కాల్చెయ్యి. చెల్లికి చూపించకు. చూపిస్తే దాని మీద కూడా ఈ బరువు పడుతుంది.

17న కమిటీ గదిలో ఆర్థికశాఖ అధికారి ఒకాయన రెండు సవరణలు పెట్టారు. మొదటిది, ప్రభుత్వ సంస్థల్లో ఇలా ఖాళీ అయిన పోస్టులు రెండేళ్ళ దాకా నింపరు. ముప్ఫై రోజుల మాట తీసేశారు. రెండేళ్ళ తర్వాత అవసరముంటే చూస్తారు. రెండోది ఇంకా ఘోరం. ఫారం పెట్టినవాళ్ళ ఇంట్లోని బిడ్డ పేరును "పోస్టు కేటాయించబడినది" అని ముద్రవేసి ఉపాధి కార్యాలయం జాబితాలోంచి కొట్టేస్తారు. పోస్టు ఇవ్వకుండానే. జాబితా చిన్నదైతే నిరుద్యోగం తగ్గినట్టు. ఓటు రోజుకి చూపించడానికి ఒక అంకె కావాలి వాళ్ళకి, అందుకని ఓటు కంటే ముందే కొట్టివేతలు మొదలుపెడతారు.

ఇద్దరు సభ్యులు గట్టిగా కాదన్నారు. మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. మంత్రిగారు ఏమీ మాట్లాడలేదు, తల ఊపారు. తల ఊపడం మేం రాయం. అందుకని అది ఏ కాగితంలోనూ దొరకదు. నేను ఆయనకు ఎదురుగా కూర్చుని చూశాను.

నీకు ఈ నాలుగు ముక్కలూ రాస్తే నా ఉద్యోగం పోతుందని తెలిసీ రాస్తున్నాను. చెల్లికి అడ్డం పడింది నేను కాదు నాన్నా. దాని పోస్టూ రాదు, నీ పోస్టూ పోతుంది, దానికి ఏడేళ్ళుగా జాబితాలో ఉన్న చోటూ పోతుంది. 3వ తేదీ సాయంత్రం దాకా నీకు టైముంది.

నీ కూతురు

మార్చి 3

నా తల్లీ, నా బంగారూ,

నీ ఉత్తరం పొయ్యిలో వేసి బూడిద కూడా కలిపేశాను. కానీ అందులో ప్రతి మాటా నాకు నోటికొచ్చు. నీకు రాసిన పాపిష్టి ఉత్తరం కూడా దాంతోపాటు కాలిపోతే బాగుండేది, అది నీ దగ్గరుంది. దాన్ని నువ్వే కాల్చెయ్యి. అడ్డం పడకు అన్నాను నిన్ను. ఆ మాట అన్న నోరు మూడు రోజులుగా అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

ఇప్పుడు శుభవార్త విను. పని అయింది. ఎంత తెలివిగా అయిందో వింటే నీకు నవ్వొస్తుంది. శుక్రవారం ఉత్తరం అందింది. అందరూ ఒకేసారి వెళ్ళి ఫారాలు తీసుకుంటే గుమ్మడికాయల దొంగలు భుజాలు తడుముకున్నట్టుంటుంది. అందుకని శనివారం ఇద్దరు, సోమవారం ఇద్దరు, ఇవాళ ఒకరు వెళ్ళేట్టు ఏర్పాటు చేశాను. ఎవరి కారణం వాళ్ళకి అల్లిపెట్టాను. ఒకరికి భార్య ఆరోగ్యం, ఒకరికి కూతురి చదువు.

అసలు చిక్కు వాళ్ళను ఒప్పించడం. నీ మాట చెప్పకూడదు, మరి ఏం చెప్పాలి? ఒక్కొక్కణ్ణీ వాల్వుల వెనక్కి తీసుకెళ్ళి, నేను తప్పు చదివానన్నాను. ఫారంలో ఒక వాక్యం నాకు అర్థం కాలేదు, అర్థమైనట్టు నటించానన్నాను. ఎక్స్‌ప్రెస్ చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. "ఇరవై ఏళ్ళుగా నువ్వు చదువుతుంటే విన్నాం. అందులో ఎన్ని తప్పు చదివావు?" అన్నాడు. తెలియదన్నాను. ఇవాళ భోజనాల వేళ పేపరు నా చేతికి రాలేదు. నాలుగో పంపు ఆయన అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. పోనీలే. వాళ్ళ ఉద్యోగాలు ఉన్నాయి, అది చాలు. నిజంగా తల్లీ, ఆయన తప్పుల తడకగా చదువుతుంటే వింటూ కూర్చున్నాను, నా మనసు పండగలా ఉంది.

నిన్న మా సూపర్‌వైజరు పిలిచి, మీ పెద్దమ్మాయి సభలోనే కదా పని, ఏమైనా రాసిందా అని అడిగాడు. నాలుగు ఫారాలు వెనక్కి పోయేసరికి ఆయన ముక్కుకు వాసన తగిలింది. తగిన జవాబు చెప్పాను. ఇంక నిన్ను ఎవరూ అనుమానించరు. హాయిగా నీ పని చేసుకో.

నిన్ను తప్పుగా అనుకున్నందుకు సిగ్గుపడుతూ, నువ్వు నా కడుపున పుట్టినందుకు గర్వపడుతూ
మీ నాన్న

మార్చి 11

నాన్నా,

ఇవాళ సభలో ఏం జరిగిందో రాస్తున్నాను. రేపు పేపర్లో వస్తుంది, ఇందులో రహస్యమేమీ లేదు.

ఆ లెక్కల సభ్యురాలు సంస్థలవారీగా ఫారాల జాబితా తెప్పించుకున్నారు. ఒక్కో పేజీ తిప్పుతూ అడుగుతున్నారు. మన ఊరి నీటి సరఫరా పేజీ వచ్చింది. అప్పుడు నా వంతు. "ఈ పంపుహౌసులో ఆరుగురు ఫారాలు పెట్టారు, ఐదుగురు వెనక్కి తీసుకున్నారు. మీ పథకం మీద పనివాళ్ళకున్న నమ్మకం ఇదీ" అన్నారు. మంత్రిగారు నవ్వుతూ లేచి, "ఐదుగురి భయాన్ని లెక్కపెట్టిన గౌరవ సభ్యురాలు ఒకరి నమ్మకాన్ని చూడటం లేదు. ఆ ఒక్క కార్మికుడికి ఈ సభ తరఫున నమస్కరిస్తున్నాను" అన్నారు. బల్లలు చరిచారు.

ఆ మాటలన్నీ రాశాను నాన్నా. చెయ్యి ఆగలేదు. ఆగకుండా ఉండటమే మా పని. లోపలికి వెళ్ళి టైపు కొట్టేటప్పుడు మాత్రం ఆ ఒక్కరు ఎవరా అని ఆలోచించాను. గదికి వచ్చి నీ మూడో తేదీ ఉత్తరం తీశాను. శనివారం ఇద్దరు, సోమవారం ఇద్దరు, ఇవాళ ఒకరు. ఐదుగురే. నీది తీసుకున్నానని ఎక్కడా లేదు. పని అయింది అని మాత్రం ఉంది. నేను చదవాలనుకున్నది చదువుకున్నాను.

ఎందుకు చేశావు? సూపర్‌వైజరుకు ఏం జవాబు చెప్పావు? చెల్లి పేరు ఈపాటికి కొట్టేసి ఉంటారు. దానికి తెలుసా?

నా ఉద్యోగం కోసం మీ ఇద్దరూ మునగడం నాకు వద్దు. సోమవారం, 16న, పొద్దున్నే సభ కార్యదర్శి గారి దగ్గరికి వెళ్ళి, కమిటీ మాట బయటికి చెప్పింది నేనేనని ఒప్పేసుకుంటాను. నిన్ను నేను మభ్యపెట్టానని, నీ ఫారం తిరిగిచ్చెయ్యమని అడుగుతాను. వింటారో వినరో తెలియదు.

నీ పెద్దమ్మాయి

మార్చి 14

తల్లీ,

ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషిని ముందు లోపలికి రమ్మని కూర్చోబెట్టు. పోస్టులో వేస్తే సోమవారానికి అందదు. అందుకని చిన్నదాన్నే రైలెక్కించాను. నేను ఎక్కించానని అనకూడదులే, అదే ఎక్కింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు ముందు చెబుతాను. సూపర్‌వైజరు నీ గురించి అడిగినప్పుడు నా నోట వచ్చిన మాట ఇది. "మా అమ్మాయి ఏమైనా రాసుంటే ముందు నా ఫారం తీసుకోనా సార్? నాది ఇంకా మీ సొరుగులోనే ఉంది కదా." ఆయన సొరుగు లాగి చూశాడు, ఉంది. నవ్వి నన్ను పొమ్మన్నాడు. ఆ మాట అన్నాక ఇంక నా ఫారం తీసుకునే దారి నాకు లేదు. మర్నాడు సాయంత్రం దాకా ఆ ఆఫీసు ముందు నుంచి నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాను. లోపలికి వెళ్ళలేదు. అడుగు వేస్తే నిన్ను తొక్కినట్టే.

చిన్నదాని సంగతి దగ్గర నేను చేసింది ద్రోహమే. 9న కార్డు రెన్యువల్ చేయించుకోవడానికి ఉపాధి కార్యాలయానికి వెళ్ళింది. గుమస్తా కార్డు మీద "పోస్టు కేటాయించబడినది" అని ముద్ర కొట్టి, మీ పేరు జాబితాలోంచి తీసేశాం, మీకు అభినందనలు అన్నాడట. పరుగెత్తుకుంటూ వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. నేను నవ్వాను తల్లీ. ఐదు రోజులు నవ్వుతూనే ఉన్నాను. ఎప్పుడు చేరమంటారు నాన్నా అని పొద్దున్నే అడిగేది, వస్తుంది కాగితం అనేవాణ్ణి. ఇద్దరు కూతుళ్ళలో ఒకదాన్ని కాపాడుకోవడానికి ఇంకోదాన్ని అమ్మేశానని నాకు తెలుసు. రోజూ చెబుదామని నోరు తెరిచేవాణ్ణి, దాని ముఖం చూసి మూసేసేవాణ్ణి.

ఇవాళ మధ్యాహ్నం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఉంది. చేతిలో నీ ఉత్తరం, విప్పి ఉంది. నీ దస్తూరీ చూసి, అక్క మనసు మారి అభినందనలు రాసిందనుకుని విప్పిందట. నేను చెప్పులు కూడా విప్పలేదు, అక్కడే నిలబడిపోయాను. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. ఉత్తరం మడిచి, "అక్కని అన్న మాట వెనక్కి తీసుకోవాలి. దానికేమైనా గడువుందా?" అంది.

నేను ఏడ్చాను. అది ఏడవలేదు. "నా పేరు చెప్పి దిగావు, నాకు చెప్పకుండా నిలబడ్డావు. ఒక్కసారైనా నన్ను అడిగావా నాన్నా?" అంది. లేదు. ఆ మాట నిజం. ఫారం పెట్టేటప్పుడూ అడగలేదు, తీసుకోకుండా ఉన్నప్పుడూ అడగలేదు. దాని సంతోషం నా చేతిలో ఉందనుకున్నాను, అది నా సంతోషమేనని ఇవాళ తెలిసింది.

తర్వాత కార్డు తెచ్చి బల్ల మీద పెట్టి, ముద్ర మీద వేలు పెట్టింది. "అక్క ఏ రహస్యమూ చెప్పక్కర్లేదు, ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు. గవర్నమెంటే నా చేతికి రాతపూర్వకంగా ఇచ్చింది. పోస్టు ఇచ్చామన్నారు, ఏ పోస్టు? ఎక్కడ చేరాలి? ఇది అడగడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు" అంది. చూశావా, నువ్వూ నేనూ నెలరోజులుగా గింజుకున్నదాన్ని అది ఒక్క వేలితో చూపించింది. దీన్ని ఫిట్టరుగా తీసుకోనివాళ్ళ ఖర్మ.

ఆ లెక్కల సభ్యురాలికి అర్జీ రాసుకుంది. తన పేరు, తన కార్డు నంబరు, ముద్ర వేసిన తేదీ, అంతే. నీ ప్రస్తావన లేదు, నా ప్రస్తావన లేదు. నేను అందుకుని పైకి చదివాను, ఒక్క మాట కూడా తప్పు పోలేదు. రైలు టైముకి ఎక్స్‌ప్రెస్ స్టేషనుకు వచ్చాడు, ఎవరు చెప్పారో తెలియదు. వాడి కొడుకు కార్డు మీద కూడా 2వ తేదీనే ముద్ర పడిందట. ఫారం వెనక్కి తీసుకున్నా ముద్ర తుడవలేదట. ఆ కార్డు కూడా దాని చేతిలో పెట్టాడు. రైలు కదిలేదాకా నా పక్కనే నిలబడ్డాడు.

కాబట్టి సోమవారం నువ్వు కార్యదర్శి దగ్గరికి వెళ్ళకు. వెళితే ఐదుగురి ఫారాలూ మళ్ళీ తిరగేస్తారు, చెల్లెలి అర్జీ నీ నేరం కింద పడి నలిగిపోతుంది. ఇది నాన్నగా చెప్పడం లేదు. ఇకమీదట మీ ఇద్దరినీ అడిగే చేస్తాను, కాబట్టి ఇది కూడా అడుగుతున్నాను. వెళ్ళకుండా ఉంటావా?

నేను ఏప్రిల్ ఒకటిన దిగిపోతాను. ఓటు ఎటు పోతుందో నాకు తెలియదు. అంకెలు వాళ్ళ వైపే ఉన్నాయని పేపరు అంటోంది. పోస్టు వస్తుందని ఇప్పుడు నేను ఎవరికీ చెప్పను. అయినా ఈ పూట నాకు ఎందుకింత ఆనందంగా ఉందో నువ్వే చెప్పు. నా ఇద్దరు కూతుళ్ళూ ఈపాటికి ఒకే గదిలో ఉంటారు, ఒకే కాగితం మీదకు తలలు వంచి.

18న ఆ సభ్యురాలు అర్జీని సభలో పైకి చదివినా చదవచ్చు. మీ చెల్లెలి పేరు ఏడేళ్ళలో ఏ ఆఫీసు గుమ్మంలోనూ ఎవరూ పూర్తిగా పలకలేదు. నంబరు పిలిచేవారు, అది లేచేది. అప్పుడు నీ వంతే వస్తే, తల్లీ, ఇంటిపేరుతో సహా రాయి.

మీ నాన్న